వాల్వు మేస్త్రి జవాబులు: కావడి మోసే ఆంప్లిఫయర్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో గిటార్ ఆంప్లిఫయర్లవే ఎక్కువ. రేడియోల గురించి అడిగేవాళ్ళు తగ్గిపోయారు. సరే, వాల్వు (పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు గొట్టం) ఎక్కడున్నా వాల్వే. మూడు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను. మొదటిది కాస్త పెద్దదైంది, మన్నించండి.

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది ఒంగోలు. పన్నెండేళ్ళుగా అమెరికాలో, ఆస్టిన్‌లో ఉంటున్నాం. శని, ఆదివారాల్లో గిటార్ వాయిస్తాను. ఈ మధ్య ఫెండర్ కంపెనీవాళ్ళ 1962 నాటి కాన్సర్ట్ ఆంప్ కొన్నాను. గోధుమరంగు రెక్సిన్, నాలుగు పది అంగుళాల స్పీకర్లు. మామూలుగా వాయిస్తే అద్భుతంగా మోగుతోంది. వైబ్రాటో, అంటే శబ్దాన్ని వణికించే ఏర్పాటు, వేస్తేనే తేడా. నా స్నేహితుడికి 1965 నాటి నల్ల ఫెండర్ ఉంది. అందులో వైబ్రాటో వేస్తే శబ్దం నాడి కొట్టుకున్నట్టు తెగి తెగి వస్తుంది. నాదాంట్లో శబ్దం తగ్గనే తగ్గదు, నీళ్ళలోంచి వినిపించినట్టు అటూ ఇటూ దొర్లుతుంది. స్నేహితుడు వెనక పలక విప్పి చూసి, "దీన్ని ఎవరో కెలికారు. సిగ్నల్‌ను రెండు దారులు చేసి మళ్ళీ ఒకేచోట కలిపారు, అర్థం లేని పని" అన్నాడు. నియాన్ బల్బు పద్ధతికి మార్పించెయ్యమంటున్నాడు. మార్పించనా?

జవాబు: అయ్యా, ముందు మీ స్నేహితుడి చేతిలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి పక్కన పెట్టండి. దాన్ని ఎవరూ కెలకలేదు. ఆ రెండు దారులు ఫ్యాక్టరీలోనే పుట్టాయి. 1960లో గోధుమరంగు ఆంప్‌లు మొదలైనప్పటి నుంచి 1963 దాకా ఆ కంపెనీ చేసిన పెద్ద ఆంప్‌లలో, అంటే కాన్సర్ట్, సూపర్, ప్రో లాంటి వాటిలో, ఈ ఏర్పాటు కనిపిస్తుంది. ఇప్పటివాళ్ళు దీన్ని హార్మోనిక్ వైబ్రాటో అంటారు. తర్వాత వచ్చిన నల్ల ఆంప్‌లలో తీసేశారు.

మీ స్నేహితుణ్ణి నేను తప్పుపట్టను. మొదటిసారి చూసినప్పుడు నేనూ అదే మాట అన్నాను. అనడంతో ఆగలేదు కూడా. ఆ భాగవతం కింద రాస్తాను.

మామూలు ట్రెమొలో సంగతి ముందు. మీ స్నేహితుడి ఆంప్‌లో వైబ్రాటో అన్న పేరుతో ఉన్నది నిజానికి ఇదే. ఎవరో వాల్యూమ్ నాబ్ పట్టుకుని సెకనుకు ఐదారు సార్లు పైకీ కిందికీ తిప్పుతున్నారనుకోండి, అదే ట్రెమొలో. మీ స్నేహితుడి ఆంప్‌లో ఒక వాల్వు నెమ్మదిగా ఊగే అలను పుట్టిస్తుంది. ఆ అల ఒక బుల్లి నియాన్ బల్బును వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటుంది. బల్బుకు ఎదురుగా ఫోటోసెల్, అంటే వెలుతురు పడితే రెసిస్టెన్స్ తగ్గిపోయే బిళ్ళ. రెండింటినీ కలిపి నల్లటి గొట్టంలో మూసేస్తారు. బల్బు వెలిగినప్పుడల్లా సిగ్నల్‌లో కొంత ఫోటోసెల్ గుండా గ్రౌండుకు జారిపోతుంది, శబ్దం తగ్గుతుంది. ఆ నల్ల గొట్టాన్ని అమెరికా మెకానిక్కులు బొద్దింక అని పిలుస్తారు. కాళ్ళతో సహా అలాగే ఉంటుంది మరి. నియాన్ బల్బు వెలిగితే వెలుగుతుంది, లేకపోతే లేదు, మధ్యరకం తక్కువ. అందుకే ఆ శబ్దం కత్తిరించినట్టు వస్తుంది.

మీ ఆంప్ లెక్క వేరు. ప్రీఆంప్, అంటే సిగ్నల్‌ను మొదట పెంచే భాగం, నుంచి వచ్చిన సిగ్నల్ రెండుగా చీలుతుంది. ఒక దారిలో చిన్న విలువ కెపాసిటర్ ఎదురుగా కూర్చుంటుంది. దానిగుండా ట్రెబుల్ పోతుంది, బాస్ పోలేదు. రెండో దారిలో ముందు ఒక రెసిస్టర్, ఆ తర్వాత గ్రౌండుకు దిగే కెపాసిటర్. అక్కడ ట్రెబుల్ గ్రౌండుకు దిగిపోయి బాస్ ముందుకు సాగుతుంది. ఒక్కో దారి చివర ఒక్కో ట్రయోడ్, అంటే వాల్వులో సిగ్నల్‌ను పెంచే భాగం. ఆ రెండు ట్రయోడ్ల ప్లేట్లూ (సిగ్నల్ బయటికొచ్చే కొసలు) మళ్ళీ ఒక్కచోట కలుస్తాయి. మీ స్నేహితుడు చూసింది ఇదే.

కిటుకంతా ఊగే అలను వీటికి ఇచ్చే తీరులో ఉంది. ఒక ట్రయోడ్‌కు అల సూటిగా వెళుతుంది, రెండోదానికి తలకిందులై వెళుతుంది. బాస్ ట్రయోడ్ బలం పుంజుకున్నప్పుడు ట్రెబుల్ ట్రయోడ్ నీరసపడుతుంది, మళ్ళీ అటుదిటు. కావడి మోసే మనిషిని చూశారు కదా. నడుస్తుంటే ముందు కుండ లేస్తే వెనక కుండ దిగుతుంది. భుజం మీద బరువు మాత్రం ఎప్పుడూ అంతే. మీ ఆంప్ మోసేది కావడి. ముందు కుండలో బాస్, వెనక కుండలో ట్రెబుల్. శబ్దం తగ్గడం లేదని మీరనుకుంటున్నది భుజం మీద బరువు మారకపోవడమే.

విప్పకుండానే పరీక్షించుకోవచ్చు. వైబ్రాటో పూర్తిగా పెంచి, వేగం బాగా తగ్గించి, మందపు తీగ ఒక్కదాన్నే మీటండి. అది మామూలు ట్రెమొలో లాగే పెరుగుతూ తగ్గుతూ వినపడాలి. తర్వాత సన్న తీగను పన్నెండో మెట్టు దగ్గర నొక్కి అదొక్కటే మీటండి. అదీ అలాగే రావాలి. ఇప్పుడు రెండూ కలిపి మీటండి. ఒకటి వస్తుంటే ఒకటి పోతుంటుంది, రెండూ ఒకేసారి పెరగవు. ఈ మూడూ సరిగ్గా వినిపిస్తే మీ ఆంప్ ఆరోగ్యంగా ఉన్నట్టే. నియాన్ బల్బు ప్రసక్తి ఇక ఎత్తకండి.

అసలు రుచి మాత్రం మధ్య స్వరాల్లో ఉంది. మధ్య తీగ మీద ఒక స్వరం పలికితే, దాని మూలధ్వని రెండు దారులూ కలిసే ఎల్లలో పడుతుంది, పైన పలికే ఉపస్వరాలు ట్రెబుల్ దారిలో పోతాయి. కావడి ఊగినప్పుడు స్వరం గట్టిదనం మారకుండా దాని రంగు మారుతుంది. ఒక క్షణం మొద్దుగా, ఒక క్షణం వెలుగుగా. దాన్ని చెవి శ్రుతి కదలికగా భ్రమపడుతుంది.

పూర్తిగా భ్రమ కూడా కాదు. బాస్ దారిలో అల కాస్త వెనకబడుతుంది, ట్రెబుల్ దారిలో కాస్త ముందుంటుంది. ఎల్ల దగ్గర ఆ తేడా అటు 45 డిగ్రీలు, ఇటు 45 డిగ్రీలు. కావడి ఊగుతుంటే మొత్తం అల వెనక్కీ ముందుకీ జరుగుతుంది. అల జరుగుతున్నంత సేపూ శ్రుతి కూడా రవ్వంత కదులుతుంది. కాగితం మీద లెక్క వేశాను. వణుకు సెకనుకు 5 సార్లు ఉంటే, ఎంత లోతుగా ఊపినా ఆ కదలిక అటూ ఇటూ 5 హెర్ట్జ్‌లకు మించదు. 440 హెర్ట్జ్ స్వరానికి అది అర్ధస్వరంలో ఐదో వంతు. మన తోడి గాంధారం ఊగే ఊపు ముందు ఇది ఎంత? అయినా చెవికి తెలుస్తుంది.

ఇక నా భాగవతం.

2009లో మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళాను. ఆరు నెలలు. సికింద్రాబాద్‌లో నలభై ఏళ్ళు షాపులో కూర్చున్నవాడికి అక్కడ చెయ్యడానికి పనేముంటుంది? మనవణ్ణి స్కూలు బస్సు దాకా దించడం, మళ్ళీ తీసుకురావడం. పక్కింటాయన రిటైరైన బస్సు డ్రైవరు. ఒకరోజు ఆయన గ్యారేజీలోంచి గిటార్ వినిపించింది. వెళ్ళి చూస్తే గోధుమరంగు ఫెండర్ ప్రో, 1962దే, ఒకే ఒక్క పదిహేను అంగుళాల స్పీకరు. వైబ్రాటో వేస్తే చిటపటమంటోందని చెప్పాడు. నా వచ్చీరాని ఇంగ్లీషులో "నేను వాల్వు మనిషిని" అన్నాను. ఆయన నవ్వి స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు.

విప్పితే ఏముంది, రెండు దారులు. ఒక దారిలో చిన్న బిళ్ళ కెపాసిటర్ పగిలి ఉంది. మీద అంకెలు చెరిగిపోయాయి. పక్క దారిలో సిగ్నల్‌ను ముందుకు చేరవేసే పెద్ద కెపాసిటర్ విలువ మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. నాకు వెంటనే తోచిందేమిటంటే, రెండూ అన్నదమ్ములు, విలువ ఒకటే అయ్యుండాలి. ఎవడో తెలియనివాడు ఇక్కడ చిన్నది పెట్టి తగలేశాడు. అంతే, పెద్ద విలువది తెప్పించి పెట్టాను. చిటపటలు పోయాయి. చేతులు దులుపుకున్నాను.

ఆయన వాయించి చూశాడు. ముఖం మాడింది. "శబ్దం శుభ్రంగా ఉంది గానీ, ఇంతకుముందు పడవలా ఊగేది, ఇప్పుడు ఊగడం లేదు" అన్నాడు. నిజమే. బాస్ బండలా నిలబడిపోయింది. పైన మాత్రం సన్నగా వణుకు.

ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మనవడి డ్రాయింగు పుస్తకంలో సర్క్యూట్ గీశాను. గీస్తుంటే తల దిమ్మతిరిగింది. చిన్న కెపాసిటర్ స్థానంలో పెద్దది పెట్టేసరికి ట్రెబుల్ దారిలోకి బాస్ కూడా జొరబడింది. ఇప్పుడు రెండు కుండల్లోనూ బాస్ ఉంది. ముందు కుండ బాస్ పెరిగితే వెనక కుండ బాస్ తగ్గుతుంది, రెండూ కలిస్తే ఏ మార్పూ లేదు. ట్రెబుల్ ఒక్క కుండలోనే ఉంది కాబట్టి అదొక్కటే ఊగుతోంది. నేను తప్పనుకున్న చిన్న విలువే ఆ ఆంప్ ప్రాణం. సరైన విలువ సర్క్యూట్ పటంలో చూసి మళ్ళీ వేశాను. పడవ ఊగింది. ఆయన నాకు కాఫీ ఇచ్చాడు, చక్కెర లేకుండా. తాగాను.

ఆ పటం గీస్తున్నప్పుడే ఇంకో సంగతి కనిపించింది. ఊగే అల సిగ్నల్‌ను ఊపడమే కాదు, తానూ కొంత స్పీకర్ దాకా పోవాలని చూస్తుంది. మామూలు ట్రెమొలోలో ఆ అల "డబ్ డబ్" మని గుండె చప్పుడులా వినిపించడం మీకూ తెలిసే ఉంటుంది. ఇక్కడ అల ఒక ట్రయోడ్ ప్లేటు మీద సూటిగా, రెండోదాని మీద తలకిందులుగా ఉంటుంది. ప్లేట్లు కలిసేచోట రెండూ కొట్టుకుపోతాయి. మీ స్నేహితుడు అర్థం లేని పనన్న ఆ కలయిక వల్లే మీ ఆంప్‌లో డబ్‌డబ్ అంతగా వినిపించదు. అది వినిపించడం మొదలైతే రెండు ట్రయోడ్లలో ఒకటి నీరసించిందని అర్థం. ఒక వాల్వు మార్చి చూడండి.

దీన్నెందుకు వదిలేశారంటే, ఖర్చు అని నా అంచనా. మామూలు ట్రెమొలోకి ఒక వాల్వు చాలు. మీ ఆంప్‌లో ఒక్క ఈ ఊపు కోసమే రెండుకు పైగా వాల్వులు పనిచేస్తున్నాయి. చుట్టూ బోలెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, అన్నీ చేత్తో సోల్డరింగ్ చెయ్యాల్సినవే. బొద్దింక చవక.

ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ కూడా మావాడే. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు తెరిచాడు. చదివింది అకౌంట్లు. గిటార్ వాయించడం రాదు. ఈ మాట అంటే మా షాపుకొచ్చే గిటారిస్టులు నమ్మేవాళ్ళు కాదు. మాటల విషయంలో మాత్రం ఆయన అందరినీ గందరగోళంలో పడేశాడు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటార్ మీద శ్రుతిని ఊపే మీటకు ట్రెమొలో అని పేరు పెట్టాడు. ఆంప్‌లో శబ్దాన్ని ఊపే నాబ్‌కు వైబ్రాటో అని పెట్టాడు. సరిగ్గా తలకిందులు. శ్రుతి ఊగితే వైబ్రాటో, మన కంపితం లాంటిది. గట్టిదనం ఊగితే ట్రెమొలో. మీ కాన్సర్ట్ లాంటి గోధుమరంగు ఆంప్‌లు మాత్రం ఆ పేరుకు కాస్తంత దగ్గరగా వచ్చాయి.

నిజంగా శ్రుతిని ఊపిన వాల్వు ఆంప్ కూడా ఉంది. మాగ్నటోన్ అనే ఇంకో కాలిఫోర్నియా కంపెనీ 1957లో తెచ్చింది. వోల్టేజి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గే వారిస్టర్లు అనే భాగాలను వాడి, సిగ్నల్ అలనే ముందుకూ వెనక్కూ జరిపేవాళ్ళు. మీదాంట్లో ఎల్ల దగ్గర రవ్వంత జరిగేది అక్కడ స్వరస్థానాలన్నిటిలోనూ జరుగుతుంది. ఎప్పుడైనా దొరికితే వినండి. కొనకండి, రిపేరుకు మనిషి దొరకడు.

చివరగా, మీ ఆంప్‌కు అరవై ఏళ్ళు దాటాయి. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎప్పుడు మార్చారో అమ్మినవాణ్ణి అడగండి. మార్చలేదంటే ముందు అది చేయించండి. ఊపు రోజురోజుకూ తగ్గుతుంటే, అలను పుట్టించే ట్రయోడ్ క్యాథోడ్ దగ్గరున్న చిన్న ఎలక్ట్రోలిటిక్ ఎండిపోయి ఉంటుంది. నా చేతికొచ్చిన వాటిలో సగం అదే జబ్బు. లోపల 400 వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కొంతసేపు నిలవుంటుంది. మీ స్నేహితుడికి ఈ వాక్యం రెండుసార్లు చదివి వినిపించండి.

ప్రశ్న: మేస్త్రి గారూ, మా బావగారు అమెరికా నుంచి చిన్న పాత గిటార్ ఆంప్ తెచ్చి ఇచ్చారు. పేరేమీ లేదు. మూడే వాల్వులు. వాటి మీద 12ఏయూ6, 50సీ5, 35డబ్ల్యూ4 అని ఉంది. రెండు పిన్నుల ప్లగ్గు. స్టెప్‌డౌన్ కన్వర్టర్ పెట్టి వాడుతున్నాను. పాడుతూ వాయిస్తే మైకు పెదవికి తగిలినప్పుడు జివ్వుమంటుంది. ప్లగ్గు తిప్పి పెడితే పోతుంది. లోపల చూస్తే పవర్ ట్రాన్స్‌ఫార్మరే లేదు! ఎవరైనా దొంగిలించారా? (విశాఖపట్నం)

జవాబు: బాబూ, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆ ప్లగ్గు పీకి రండి. మిగతాది తర్వాత చదవచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవరూ దొంగిలించలేదు. తయారుచేసినవాడే పెట్టలేదు, డబ్బు మిగుల్చుకున్నాడు. మీ వాల్వుల పేర్లలోని మొదటి అంకెలు చూడండి. అవి హీటరు, అంటే వాల్వును లోపల వేడిచేసే తీగ, వోల్టులు. 12.6, 50, 35. మూడింటికీ కరెంటు ఒకటే, 150 మిల్లీఆంపియర్లు. వినాయక చవితి పందిట్లో సీరియల్ బల్బుల్లా మూడింటినీ వరసగా కలిపితే 97.6 వోల్టులు. అమెరికా గోడలో 120. మిగిలిన ఇరవై చిల్లరా ఒక రెసిస్టర్ తినేస్తుంది. 35డబ్ల్యూ4 గోడ కరెంటునే నేరుగా డీసీ చేస్తుంది. హీటర్లు వరసగా ఉన్నాయి కాబట్టి ఒక్క వాల్వు హీటరు పోతే మూడూ ఆరిపోతాయి.

మనకిది కొత్త కాదు. యూ అక్షరంతో మొదలయ్యే వాల్వుల రేడియోలు గుర్తున్నవాళ్ళు ఉంటారు. యూసీహెచ్81, యూబీఎఫ్89, యూసీఎల్82, యూవై85. ఏసీకీ డీసీకీ నడిచే సెట్లు. వాటి చాసిస్, అంటే భాగాలన్నీ బిగించే లోపలి రేకు, నేరుగా కరెంటు తీగకే కలిసి ఉండేది. అందుకే నాబ్ బిగించే చిన్న స్క్రూను లోతుగా దింపి, పైన మైనంతో పూడ్చేవాళ్ళు, వేలు తగలకుండా. వెనక అట్ట లేకుండా రేడియో ఇస్తే మా గురువుగారు ఊరుకునేవారు కాదు. రేడియోను మనం కేవలం నాబ్‌తో ముట్టుకుంటాం. గిటార్ అలా కాదే. తీగలు ఇనుము, అవి జాక్ వైరు గుండా చాసిస్ వైపే పోతాయి, చెయ్యి ఎప్పుడూ వాటి మీదే ఉంటుంది.

మధ్యలో ఒక కెపాసిటర్ అడ్డుంటుంది కాబట్టి మీకు జివ్వుమనడంతో సరిపోయింది. ఏళ్ళనాటి ఆ కెపాసిటర్ షార్టయిన రోజున జివ్వుమనడంతో ఆగదు.

ఇక మీ కన్వర్టర్. బజారులో దొరికే చవక స్టెప్‌డౌన్లలో చాలావరకు ఒకే చుట్ట ఉన్న ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. అది వోల్టేజి తగ్గిస్తుంది గానీ గోడ నుంచి విడదీయదు. లెక్క చూడండి. కన్వర్టర్ ప్లగ్గు రెండు తీర్లు పెట్టొచ్చు, ఆంప్ ప్లగ్గు రెండు తీర్లు పెట్టొచ్చు, మొత్తం నాలుగు. ఆ నాలుగింట్లో చాసిస్ మీద వచ్చేవి సున్నా, 115, 115, 230 వోల్టులు. మీరు ప్లగ్గు తిప్పితే షాకు పోయిందంటే లాటరీ తగిలిందన్నమాట, అంతే.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి మీటరు చాలు. కన్వర్టర్‌ను గోడ నుంచి తీసేసి, మీటరు ఓమ్స్‌లో పెట్టి, ఒక మొన ఇన్‌పుట్ పిన్నుకు, ఇంకో మొన అవుట్‌పుట్ రంధ్రంలో పెట్టండి. ముల్లు కదిలితే ఆటో ట్రాన్స్‌ఫార్మర్. పనికిరాదు. రెండు విడి చుట్టలున్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకోండి, 230 నుంచి 115కు, 100 వీఏ చాలు. చుట్టేవాడికి 50 హెర్ట్జ్ అని చెప్పక్కర్లేదు, మన దగ్గర చుట్టేదంతా అదే. చాసిస్‌కు మూడో పిన్ను ఎర్తు ఆ తర్వాతే, తెలిసిన మెకానిక్ చేత వేయించండి. విడదీయకుండా ఎర్తు కలిపితే ఫ్యూజులు ఎగురుతాయి. ఇదంతా అయ్యేదాకా ఆంప్ అలమారలో ఉండాలి. పాడటం మానక్కర్లేదు, గిటార్ మామూలుగా వాయించుకోండి.

ప్రశ్న: మా తాతగారు పెళ్ళిళ్ళకు మైకు సెట్టు అద్దెకిచ్చేవారు. అటక మీద ఒక రేకు డబ్బాలో ఈసీసీ83, ఈసీసీ85 వాల్వులు దొరికాయి. నా గిటార్ ఆంప్‌లో 12ఏఎక్స్7 పాడైంది. ఇవి పనికొస్తాయా? నెట్‌లో 7025 అని కూడా అంటున్నారు. (తెనాలి)

జవాబు: ఈసీసీ83, 12ఏఎక్స్7 ఒకే వాల్వుకు యూరప్ పేరొకటి, అమెరికా పేరొకటి. 7025 అంటే అదే వాల్వు, హమ్ తక్కువ వచ్చేట్టు చేసింది. ఈసీసీ83 నిశ్చింతగా పెట్టండి. పెట్టేముందు పిన్నులు మెత్తగా తుడవండి, అటక మీద ఉన్నవి కదా, నల్లబడి ఉంటాయి. గట్టిగా నెట్టకండి, పాత గాజు అడుగున పిన్ను దగ్గరే పగులుతుంది.

ఈసీసీ85 మాత్రం వేరు. చూడటానికి అదే, పిన్నులూ తొమ్మిదే, అందుకే చాలామంది మోసపోతారు. దాని హీటరు నాలుగు, ఐదు పిన్నుల మధ్య ఉంటుంది, తొమ్మిదో పిన్ను లోపలి కవచానికి. మీ ఆంప్‌లో 12ఏఎక్స్7 కోసం సాధారణంగా నాలుగు, ఐదు పిన్నులను కలిపేసి, తొమ్మిదికీ వాటికీ మధ్య 6.3 వోల్టులు ఇస్తారు. అందులో ఈసీసీ85 పెడితే హీటరుకు కరెంటే అందదు, వెలగదు. ఇప్పటికే పెట్టి చూసి ఉంటే టెన్షన్ పడొద్దు, ఏదీ కాలిపోలేదు. తీసి మళ్ళీ తాతగారి డబ్బాలోనే పెట్టండి. ఆ డబ్బాలో స్పీకర్‌ను నడిపే పవర్ వాల్వులు, ఈఎల్34 గానీ ఈఎల్84 గానీ, ఉన్నాయేమో ఇంకోసారి చూసి నాకు రాయండి.